కారు తిరగలేదు కదా, ఏమవుద్ది? పండగ ప్రయాణానికి ముందు టైర్లు, ఆయిల్స్ చెకింగ్

ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, పెనుగొండలో మా బాబాయ్ గారి ఇంటి ముందు షూట్ చేస్తున్నాం. వెనకాల కనిపిస్తున్న కారు ఆయనదే. 2018 మోడల్, పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఇన్నేళ్ళలో తిరిగింది మొత్తం 24 వేల కిలోమీటర్లు. తణుకు బ్యాంకుకి, పాలకొల్లు పెళ్ళికి, ఎప్పుడైనా భీమవరం హాస్పిటల్‌కి. అంతే. మిగతా రోజులన్నీ షెడ్డులో కవర్ కప్పుకుని ఉంటుంది.

పండక్కి పిల్లలు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. కనుమ అయ్యాక ఐదుగురు ఈ కారులో అన్నవరం వెళ్దామని ప్లాన్. అంటే ఇక్కడి నుంచి సిద్ధాంతం, అక్కడ హైవే ఎక్కి రావులపాలెం, రాజమండ్రి మీదుగా అన్నవరం. ఒక వైపే వంద కిలోమీటర్లు దాటుద్ది. నెలల తరబడి కదలని బండి ఒక్కసారిగా ఐదుగురు మనుషులతో, సామానుతో, హైవే స్పీడులో పరిగెత్తాలి.

"తిరగని కారుకి ఏమవుద్దిరా? కొత్తదానిలాగే ఉంది కదా" అంటున్నారు బాబాయ్. గోదావరి జిల్లాల్లో సగం ఇళ్ళల్లో ఇదే మాట అండి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, కారు అమ్మానాన్నల దగ్గర ఉంటుంది. కాబట్టి ఈ రోజు ఆ ప్రశ్నకే జవాబు చూద్దాం.

ముందు ఓనర్స్ మాన్యువల్. అది గ్లోవ్ బాక్స్‌లో కవర్ కూడా తీయకుండా ఉంటుంది. సర్వీస్ పేజీ తీయండి. చాలా కార్లలో ఇలా ఉంటుంది: 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది. మనవాళ్ళు కిలోమీటర్లు చదివి ఆపేస్తారు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రోజూ రాసిన కండిషనే ఇది. మధ్యలో 'లేదా' ఉంటే రెండూ నిజం కానక్కర్లేదు, ఒక్కటి నిజమైతే చాలు. రబ్బరుకి, ఆయిల్‌కి, బ్రేక్ ఫ్లూయిడ్‌కి మీటర్ తిరిగిందా లేదా అన్నది తెలీదు. వాటి వయసు క్యాలెండర్ ప్రకారం పెరుగుతుంది.

సరే, పనిలోకి దిగుదాం. మొదట టైర్లు. ఎక్కువ టైమ్ వీటికే ఇస్తున్నాను, ఎందుకంటే హైవే మీద ప్రాణాలు ఆధారపడేది వీటి మీదే.

టైర్ పక్క గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే ఒక కోడ్ ఉంటుంది. దాని చివర నాలుగు అంకెలు చూడండి. ఇక్కడ 3418 అని ఉంది. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. అంటే ఈ టైర్ 2018లో 34వ వారం, ఆగస్టులో తయారైంది. ఈ నాలుగు అంకెలు బయటివైపు కనపడకపోతే కంగారుపడకండి, కొన్ని టైర్లకి లోపలి వైపు ఉంటాయి. వంగి టార్చ్ వేసి చూడాలి.

ఏడేళ్ళు దాటాయి. గాడులు చూస్తే బోలెడు లోతు ఉన్నాయి. గాడి లోపల అక్కడక్కడా చిన్న అడ్డ కట్టలు కనిపిస్తాయి, వాటిని అరుగుదల గుర్తులు అంటారు. టైర్ అరిగి వాటితో సమానమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, ఇక మార్చాల్సిందే. ఇక్కడ అంత దూరం రాలేదు. కానీ పక్క గోడ దగ్గరికి కెమెరా తీసుకురండి. ఎండిపోయిన చెరువు మట్టిలా సన్న సన్న పగుళ్ళు చూశారా? ఎండ, గాలి, వయసు కలిసి రబ్బరుని ఎండగట్టేశాయి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్ళకే టైర్లు మార్చమంటాయి. మిషెలిన్ లాంటి టైర్ కంపెనీ ఐదేళ్ళు దాటితే ఏడాదికోసారి నిపుణుడికి చూపించమని, పదేళ్ళు దాటితే ఎంత బాగా కనిపించినా తీసేయమని చెబుతుంది. వయసు, పగుళ్ళు రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి వీటితో హైవే వద్దు.

ఇక గాలి. ఈ కారుకి ఎంత గాలి ఉండాలో డ్రైవర్ డోర్ తెరిస్తే, ఆ పక్క స్తంభం మీద స్టిక్కర్‌లో ఉంటుంది. దీనికి 33 పీఎస్‌ఐ. చాలా కార్లలో ఐదుగురు, సామానుతో వెళ్ళేటప్పుడు ఎంత ఉండాలో వేరే గడిలో రాసి ఉంటుంది, ప్రయాణానికి ఆ నంబరు చూడండి. టైర్ మీద రాసి ఉండే మ్యాక్స్ ప్రెజర్ వేరు. అది టైర్ తట్టుకునే పరిమితి, మనం కొట్టించాల్సిన గాలి కాదు.

గేజ్ పెట్టి చూద్దాం. ముందు ఎడమ 25, ముందు కుడి 24, వెనక ఎడమ 26, వెనక కుడి 19. స్టెప్నీ 11. కంటికి మాత్రం అన్నీ నిండుగానే కనిపిస్తున్నాయి. ఇప్పుడొచ్చే ట్యూబ్‌లెస్ రేడియల్ టైర్లు పది పీఎస్‌ఐ తగ్గినా పెద్దగా తేడా తెలియనివ్వవు, కాలితో తన్ని చూస్తే అసలే తెలీదు. మూడు నాలుగు వందలకి గేజ్ దొరుకుతుంది, కొనుక్కోండి. టైర్ బాగున్నా నెలకి సుమారు 1 పీఎస్‌ఐ దానంతట అదే తగ్గిపోతుంది. కానీ 19 అలా తగ్గింది కాదు. సబ్బు నీళ్ళు పోసి చూద్దాం. వాల్వ్ దగ్గర ఏమీ లేదు... ఇదిగో, ఈ గాడిలో బుడగలు వస్తున్నాయి. చిన్న మేకు. రెండు నిమిషాల్లో దొరికింది.

ఇప్పుడు బాబాయ్ గారి రెండో మాట. "ఎండాకాలం గాలి తక్కువే పెట్టించాలిరా, లేపోతే పేలిపోద్ది." కొన్ని పంక్చర్ షాపుల్లో కూడా ఇదే చెబుతారు. నిజం దీనికి ఎదురు.

టైర్ తిరిగేటప్పుడు ప్రతి చుట్టుకీ కింద భాగం నలుగుతుంది, మళ్ళీ లేస్తుంది. గాలి తక్కువైతే పక్క గోడ ఎక్కువ నలుగుతుంది. ఒక తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే వేడెక్కి తెగుతుంది చూశారా, అదే పని. వేడి పెరిగి లోపలి పొరలు విడిపోతాయి, అప్పుడు పేలుతుంది. పరిగెత్తే టైర్‌లో గాలి వేడెక్కి ప్రెజర్ పెరిగే మాట నిజమే. సుమారు ఐదారు డిగ్రీలకి 1 పీఎస్‌ఐ చొప్పున పెరుగుతుంది. ఆ పెరిగేది కూడా లెక్కలో వేసుకునే స్టిక్కర్ మీద నంబరు ఇస్తారు. అందుకే గాలి టైర్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి, పొద్దున్నే, బండి తీయకముందు. దూరం నుంచి వచ్చి వేడి మీద 37 చూపించిందని గాలి తీసేయకండి.

దీని గురించి ప్రపంచం నేర్చుకున్న పెద్ద పాఠం అమెరికాలో ఉంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకి వేసినవి. నడుస్తుండగా పై పొర ఊడిపోయి బండ్లు పల్టీ కొట్టేవి. రెండు వందల మందికి పైగా చనిపోయారు. టైర్ తయారీలో లోపాలు ఉన్నాయి. వాటితో పాటు ఆ బండికి ఫోర్డ్ చెప్పిన గాలి 26 పీఎస్‌ఐ మాత్రమే అన్నది పెద్ద వివాదమైంది. ప్రమాదాలు ఎక్కువ జరిగింది కూడా టెక్సాస్, ఫ్లోరిడా, ఆరిజోనా లాంటి వేడి రాష్ట్రాల్లోనే. ఆ తర్వాతే అక్కడ గాలి తగ్గితే డ్యాష్‌బోర్డ్ మీద లైటు వెలిగే సిస్టమ్‌ని కొత్త కార్లకి తప్పనిసరి చేశారు. వేడి, స్పీడు, బరువు, తక్కువ గాలి, ఈ నాలుగూ కలవడమే ప్రమాదం. మనకి మే నెలలో హైవే మీద మొదటి మూడూ ఎలాగూ ఉంటాయి. నాలుగోది మనం చేతులారా కలపొద్దు.

టైర్ పక్క గోడ మీద ఎక్కడైనా కాయలాగా ఉబ్బిందేమో కూడా చెయ్యి పెట్టి చూడండి. కాలువ గట్టు రోడ్ల మీద ఎదురు బండికి దారివ్వడానికి దిగినప్పుడు అంచు తగిలి లోపలి దారాలు తెగుతాయి. ఉబ్బు కనిపిస్తే రిపేరు లేదు, మార్చడమే.

ఇప్పుడు బానెట్ తెరుద్దాం. ఆగండి, ముందు ఇది చూడండి. బ్యాటరీ పక్కన ఎండుగడ్డి. ధాన్యం ఉన్న ఊళ్ళో ఎలకలు ఉంటాయి, నిలిపిన కారు వాటికి మంచి ఇల్లు. స్టార్ట్ చేసే ముందు వైర్లు కొరికాయేమో, గడ్డి ఎక్కడైనా ఇరుక్కుందేమో చూసుకోండి.

ఇంజిన్ ఆయిల్. బండి చదునైన నేల మీద, ఇంజిన్ చల్లగా ఉండాలి. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, పూర్తిగా దింపి మళ్ళీ తీయండి. మిన్, మ్యాక్స్ గుర్తుల మధ్య ఉండాలి. ఇక్కడ మధ్యకి కొంచెం కింద ఉంది, పర్వాలేదు. తక్కువైతే కొంచెం కొంచెంగా పోయండి, మ్యాక్స్ దాటించొద్దు. నలుపు చూసి భయపడకండి, పాల టీ రంగు వస్తే మాత్రం నీళ్ళు కలిశాయని అర్థం, మెకానిక్ దగ్గరికి వెళ్ళాలి. ఇంకో విషయం. రోజూ రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేసే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరైపోయే అవకాశం ఉండదు, ఆయిల్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి తక్కువ తిరిగే కారుకి కూడా ఏడాదికోసారి ఆయిల్ మార్చాల్సిందే. బాబాయ్ గారు మార్పించి ఇరవై నెలలైంది.

కూలెంట్. ఈ ప్లాస్టిక్ డబ్బాలో కూడా మిన్, మ్యాక్స్ ఉంటాయి. ఇంజిన్ వేడిగా ఉంటే మూత ముట్టుకోవద్దు. లోపల ప్రెజర్ ఉంటుంది, మరిగే నీళ్ళు ముఖం మీదకి చిమ్ముతాయి. తగ్గింది కదా అని బోరు నీళ్ళు పోయకండి. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ మన డెల్టా బోర్లలో ఉప్పు ఎక్కువ. రేడియేటర్ లోపల పెచ్చు కడుతుంది, తుప్పు పడుతుంది. మాన్యువల్‌లో చెప్పిన కూలెంట్, కలపాలంటే డిస్టిల్డ్ వాటర్. రంగు ఒకటే కదా అని వేరే రకం కలపొద్దు, రంగుకి లెక్క లేదు. పదే పదే తగ్గుతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

బ్రేక్ ఫ్లూయిడ్. ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. దీనికి గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉంది. మన దగ్గర తేమకి కొదవేముంది? డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, అది ప్రమాణం. నీళ్ళు పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకి దిగుతుంది. అన్నవరం కొండ దిగేటప్పుడు ఐదుగురి బరువుతో బ్రేక్ తొక్కుతూనే ఉంటే బ్రేకులు బాగా వేడెక్కుతాయి. ఫ్లూయిడ్ మరిగితే లోపల ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. అందుకే మామూలుగా రెండేళ్ళకోసారి మార్చమంటారు. లెవెల్ తగ్గితే ఊరికే నింపేయకండి, బ్రేక్ ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది, ముందు అవి చూపించండి. మూత మీద ఏ డాట్ రాసి ఉందో అదే పోయాలి. కొండ దిగేటప్పుడు రెండో గేరులో దిగండి, బ్రేకుల మీద భారం తగ్గుతుంది.

చివరగా అద్దం కడిగే నీళ్ళు నింపండి. రాత్రిపూట చేల మధ్య వెళ్తే పురుగులు అద్దానికి అతుక్కుని ఎదుటి లైట్లు మసకబారతాయి. వైపర్ రబ్బరు ఎండిపోతే అదీ మార్చండి.

మొత్తం లెక్క చూద్దాం. కారు పైకి కొత్తదే. కానీ నాలుగు టైర్లు మార్చాలి, ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చాలి, స్టెప్నీకి గాలి కొట్టించాలి. "అంత ఖర్చా?" అన్నారు బాబాయ్. అన్నీ ఇప్పుడే వద్దనుకుంటే ఒక దారి ఉంది. మేకు తీయించి, గాలి కొట్టించి, తణుకు దాకా నెమ్మదిగా తిప్పుకోండి, అన్నవరం మాత్రం ట్యాక్సీలో వెళ్ళండి. ఈ టైర్ల మీద పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కడం ఒక్కటే వద్దు. ఆయన ఇంకో పది నిమిషాలు బేరమాడి, చివరికి టైర్ల షాపుకి ఫోన్ చేశారు.

ఈ వీడియో చూస్తున్నది హైదరాబాద్ నుంచో, డల్లాస్ నుంచో అయితే ఒక్క పని చేయండి. ఈ రోజు నాన్నగారికి ఫోన్ చేసి, టైర్ మీద ఆ నాలుగు అంకెలు ఫొటో తీసి పంపమనండి. నేషనల్ హైవే మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేయాలని కూడా చెప్పండి. మీ కారు టైర్ మీద ఏ నంబరు ఉందో కింద కామెంట్లలో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండీ, నమస్తే.