కంప్యూటరు మార్చే ముందు

నా తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించండి.

మా తాతగారు విశాఖపట్నం ప్రాంతం నుండి మలయా రబ్బరు తోటలకు వెళ్ళారు. నేను అక్కడ మూడవ తరం. ఇక్కడ డబ్లిన్‌లో నా కంప్యూటరులోని ఇంటెల్ చిప్పు ఏడవ తరం. విండోస్ 11కు సాధారణంగా ఎనిమిదవ తరం గాని, ఆ తరువాతది గాని కావాలట. మనుషులకే కాదు, చిప్పులకూ తరాల పట్టింపు వచ్చిందన్నమాట!

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతమాత్రాన కంప్యూటరు ఆగిపోదు. భద్రతా సవరణలు రావడం మానతాయి. ఐర్లండు యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో ఉన్నందున, పేరు నమోదు చేసుకున్న ఇళ్ళకు 2026 అక్టోబరు వరకు ఆ సవరణలు ఉచితంగా ఇస్తామన్నారు. నేను అంతవరకు ఆగలేదు. కొత్తది కొని, పాత ఫైళ్ళన్నీ అందులోకి ఎక్కించాను.

వాటిలో మా అమ్మ పాటలున్నాయి. 1999లో ఆమె పాడుతుంటే పక్కన కూర్చుని టైపు చేసినవి, ముప్పై ఒక్క పేజీలు. తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు! అమ్మ 2011లోనే పోయింది. మళ్ళీ ఎవరిని పాడమనేది?

సంగతేమిటంటే, ఆనాటి నా ఫాంటు ఇంగ్లీషు అక్షరానికి తెలుగు వేషం వేసేది. కొత్త యంత్రంలో ఆ ఫాంటు లేదు, వేషం ఊడిపోయింది. యూనికోడ్ పద్ధతి వేరు. 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగుకు స్వంత సంఖ్యలిచ్చారు: అ 3077, ఆ 3078. ఫాంటు మారినా అక్షరం తెలుగుగానే ఉంటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పి గౌతమి ఫాంటుతో వచ్చినప్పుడే నేను మార్చుకోవలసింది. బద్ధకించాను.

పాత కంప్యూటరు పారవేయకపోవడం నా అదృష్టం. అందులో పాటలు తెరచి కాగితం మీద అచ్చు తీశాను. మార్పిడి ప్రోగ్రాము ఒకటి వాడి చూస్తే వత్తులు ఎగిరిపోయి "అమ్మ" కాస్తా "అమ" అయింది. చివరకు నా తరగతిలోనివారు తలా కొన్ని పేజీలు పంచుకొని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేశారు.

మీరూ కంప్యూటరు మార్చే ముందు పాతదానిలో ప్రతి తెలుగు ఫైలూ తెరచి చూడండి. ఫాంటు ఫైలు వేరుగా దాచండి, కాగితం మీద అచ్చు తీయండి. పాతదాన్ని అప్పుడే ఎవరికీ ఇచ్చివేయకండి.

దంపుడు పాటలో ఒక మాట మాత్రం మిగిలింది. రోకలికి సంబంధించినది. "పొను" అని ఉంది. పాత అచ్చులోనూ అంతే, కాబట్టి తప్పు కంప్యూటరుది కాదు, నాది. రోకలి పట్టిన పెద్దలెవరైనా ఇక్కడుంటే భోజనాల దగ్గర నాకు చెప్పండి. పెన్సిలు తెచ్చుకున్నాను.