బెంగుళూరు నుండి దుబాయికి: దూరము, కాలము

గ్రామపెద్దలారా!

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు మన అనంతపురపు మెట్టసీమలో వేరుసెనగ చెడిన యేట పడుచువారు పొట్ట చేతబట్టుకొని దూరదేశములకు పోవుట మీరెరిగినదే. కదిరి ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పోయినవారు పెక్కుమంది కలరు. ఇంట నెవరైన కాలము చేసినపుడు, “అబ్బాయి యెన్ని గంటలకు రాగలడు?” అని ఇంటివారు మిమ్ములనే అడుగుదురు. శవము నుంచవలెనా, సాగనంపవలెనా యను నిర్ణయము ఆ జవాబుపై నాధారపడును. కావున ఆ లెక్కను నేడు విచారింతము.

బెంగుళూరునుండి దుబాయికి ఆకాశమార్గమున సుమారు 2,700 కిలోమీటర్లు. ఆమడకు 8 మైళ్ళ చొప్పున ఇది 210 ఆమడలగును. దినమునకు రెండామడలు నడచు ఎద్దులబండికి మూడున్నర మాసముల పయనము. విమానమునకు నాలుగు గంటలు.

ఈ వేగము ఒక్కనాట వచ్చినది కాదు. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి తపాలా విమానమును నడపెను. అచ్చటినుండి నెవిల్ విన్సెంటు ఆ తపాలాను గైకొని, మన పొరుగున నున్న బళ్ళారిలో ఆ రాత్రి నిలిచి, మరునాడు మద్రాసు చేరెను. నేడు బొంబాయినుండి మద్రాసునకు రెండు గంటలు చాలును.

అయినను టిక్కెట్టుపై వేళలు చూచి భ్రమపడరాదు. ఏ ఊరి వేళ ఆ ఊరి గడియారము ననుసరించి వ్రాయబడును. దుబాయి మనకు పడమట నున్నందున అచ్చటి గడియారము గంటన్నర వెనుక నుండును. ఇచ్చట ఉదయము 10 గంటలకు బయలుదేరినవాడు అచ్చట 12-30కి దిగును. రెండున్నర గంటలే పట్టినట్లు తోచును. అచ్చట 10 గంటలకు ఎక్కినవాడు ఇచ్చట పగలు 3-30కి దిగును. అయిదున్నర గంటలైనట్లు తోచును. రెంట గడచినవి నాలుగు గంటలే.

ఇక అసలు లెక్క. విమానము కదలుటకు మూడు గంటల ముందు నిలయము చేరవలయును. దిగిన పిమ్మట పాస్‌పోర్టు తనిఖీకిని, సామానునకును ఒక గంట. 2008 నుండి బెంగుళూరు విమానాశ్రయము దేవనహళ్ళి యొద్ద నున్నది. అచ్చటినుండి అనంతపురమునకు సుమారు 180 కిలోమీటర్లు, మోటారులో మూడు గంటలు. అన్నియు కలిసివచ్చినను పదునొకండు గంటలు. అచ్చట తన బసనుండి నిలయము చేరుటయు, ఇచ్చట పట్టణమునుండి పల్లె చేరుటయు దీనికి అదనము.

ఇంతకంటె పెద్ద జాగు నేలమీదనే కలదు. యజమాని సెలవియ్యవలెను, పాస్‌పోర్టు చేతికి రావలెను, టిక్కెట్టు దొరకవలెను. వీనికి గంటలు కాదు, దినములు పట్టవచ్చును. కావున కబురు పంపినపుడు మూడు ప్రశ్నలడుగుడు: సెలవు దొరకినదా? పాస్‌పోర్టు చేత నున్నదా? మన గడియారము ప్రకారము బెంగుళూరిలో దిగు వేళ యేది? మూటికిని సరియైన జవాబు వచ్చినచో రాకకై వేచియుండుడు. రానిచో తల్లిదండ్రుల కడసారి కార్యమును ఆపక జరిపించి, బిడ్డను పెద్దకర్మకైన రమ్మనుడు. రాలేకపోయిన బిడ్డను నిందింపకుడు. ఆ దూరము అతడు కోరి పెట్టుకొన్నది కాదు.