లోపమును జెప్పుకొనుటయే బలము

(టైడాలో జరిగిన కొండదొరల వార్షిక మహాసభయందు జేసిన యుపన్యాసము)



ఇట్టి సభలయందు కులప్రతిష్ఠను గొనియాడుట యాచారము. నేనును దానితోనే మొదలిడెదను. మనము పాండవుల సంతతివారమని పెద్దలు చెప్పుకొనుచు వచ్చిరి. మరి పాండవులలో నిర్దోషి యెవడు? ధర్మరాజు జూదమాడి రాజ్యమును, తమ్ములను, తుదకు ద్రౌపదిని గూడ నొడ్డి యోడెను. భీముడు సభలోనే యన్నపై గినిసెను. అయినను ఆ యైదుగురు విడిపోలేదు. పండ్రెండేండ్లు అడవులలో నొక్కటిగా మెలగిరి. విరాటుని కొలువున నొకడు వంటవాడుగను, ఒకడు నాట్యాచార్యుడుగను బనిచేసిరి. వారి గెలుపుకంటె నీ యోర్పే మనకు నేర్వదగినది.

లోపమును దాచినవాడు ఒంటరియగును. చెప్పుకొన్నవానికి నలుగురు తోడగుదురు. మన కొండల చరిత్రమే సాక్ష్యము. పూర్వము పెండ్లికో పండుగకో కొద్ది రూకలు పుచ్చుకొన్నవాడు సాహుకారు కడ వెట్టిచేయుచు, తీరని యప్పును గొడుకునకు విడిచి పోవుచుండెను. 1976లో వెట్టి నిర్మూలన చట్టము దేశమంతటికిని వచ్చినది. అయినను అప్పుపడినవాడు సిగ్గుచే నోరు మెదపనిచో నే చట్టమును వాని గుడిసెను జేరజాలదు. మన్యపు తిరుగుబాటున 1923లో పట్టుబడి చెర ననుభవించిన గాము మల్లుదొరను 1952లో విశాఖపట్టణ నియోజకవర్గ ప్రజలు తొలి లోకసభకు బంపిరి. చెర యాయనకు గళంకము గాలేదు.

ఇప్పుడు మరియొక సిగ్గు మన రక్తములో దాగియున్నది. సికిల్ సెల్ వ్యాధియందు ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి, సన్నని నాళములలో నడ్డుపడి, తీవ్రమైన నొప్పులను రక్తహీనతను గలిగించును. ఈ లక్షణము తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించినప్పుడే వ్యాధి కలుగును. ఒక్కరినుండి మాత్రమే వచ్చినవారు వాహకులు, సాధారణముగా నారోగ్యవంతులే. అంతియకాదు, ప్రాణాంతకమైన మలేరియానుండి వారికి గొంత రక్షణయు గలదు. చలిజ్వరములకు బేరుపడిన యీ మన్యములో మన తాతలు కొందరు బ్రతికి బట్టకట్టుటకు నిదియు నొక కారణమై యుండవచ్చును. లోపమని తలచినదే యొకనాడు కవచమైనది!

కాని వధూవరు లిరువురును వాహకులైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట నొకపాలు అవకాశము గలదు. సంబంధము తప్పిపోవునను భయమున రక్తపరీక్షను దాచుదురు. బిడ్డ బాధ మాత్రము దాగదు. అప్పుడు తల్లినే నిందించుట ఘోరమైన యన్యాయము. తండ్రి పాలును అందు సమానమే. ఈ వ్యాధి నిర్మూలనకు 2023 జూలైలో జాతీయ కార్యక్రమ మారంభమైనది. మందు ప్రభుత్వ మిచ్చును గాని ధైర్యము మనమే యిచ్చుకొనవలయును.

కావున నా మనవి యిది. పెండ్లిమాటలకు ముందే యిరుకుటుంబములవారును పరీక్ష చేయించుకొని, ఫలితమును నిస్సంకోచముగా జెప్పుకొనుడు. వాహకుడని యెవ్వరిని హేళన చేయకుడు. నొప్పితో మంచము పట్టినవాని పొలమున వంతులవారిగా బనిచేయుడు. అప్పుచే క్రుంగినవాడును, కల్లుసారాలు మానలేక బాధపడువాడును సంఘము ముందు నోరు విప్పినప్పుడు, వాని మాటను సంతలో నాడకుడు.

మన ధింసా ఆటయందు స్త్రీలు ఒకరి వెనుకనుండి యొకరు చేతులు పెనవైచుకొని యాడుదురు. అడుగు తడబడినదానిని ప్రక్కదాని చేయి నిలుపును, ఆట యాగదు. మన సంఘము నట్లే నడచుగాక!