సుంకం సున్నా, కాగితాలు బోలెడు

నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాను. 2009లో ఎమ్మెస్సీ కోసం ఇంగ్లండు వచ్చి, ఐటీ కన్సల్టెంటుగా ఇక్కడే స్థిరపడ్డవాణ్ణి. అయినా బ్రెగ్జిట్ గురించి, అందులో వ్యాపారం లాభనష్టాల గురించి నాలుగు మాటలు చెప్పడానికి ఒప్పుకున్నాను. ఎందుకంటే ఆ ఓటు నేనూ వేశాను.

2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో, బ్రిటన్‌లో నివసిస్తున్న కామన్‌వెల్త్ పౌరులకి ఓటు ఉంది. అంటే ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న నాకు ఉంది. ఆఫీసులో నా పక్కన కూర్చునే పోలండ్ అమ్మాయికి, పదేళ్ళుగా ఇక్కడ పన్నులు కడుతున్నా, లేదు.

దానికి ముందు ఆదివారం ఒక స్నేహితుడి ఇంట్లో భోజనాల దగ్గర పెద్ద వాదన జరిగింది. నేను అన్నయ్యా అని పిలిచే గుంటూరాయన ఒకరున్నారు. డబ్లిన్‌లోని మనవాళ్ళ దుకాణాలకి ఇక్కడినుంచి ఊరగాయలు, అప్పడాలు, నెయ్యి పంపించే వ్యాపారం ఆయనది. "తమ్ముడూ, యూనియన్‌లో ఉన్నన్నాళ్ళూ ఇండియాతో సొంత ఒప్పందం చేసుకునే వీలే లేదు. 2007లో యూరప్ మొదలుపెట్టిన చర్చలు 2013లో ఆగిపోయాయి. బయటపడితే మన బేరం మనమే ఆడుకోవచ్చు" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. సుంకాల విషయంలో సభ్యదేశాలన్నిటి తరఫునా బ్రస్సెల్స్ మాట్లాడాల్సిందే.

"మన ఎగుమతుల్లో నలభై శాతం పైగా వాళ్ళకే కదా అన్నయ్యా. ఇంటిపక్క కొట్టు మూసుకుని ఊరవతల సంతకి పోతామా?" అన్నాను నేను.

"వాళ్ళ కార్లు మనకి అమ్ముకోవాలి కదా! సుంకం వెయ్యరులే" అని కొట్టిపారేశారు.

వాదనలో నేను ఉండాలనే పక్షం. బూత్‌లోకి వెళ్ళాక మాత్రం మా ఆవిడ వీసాకి పెట్టిన ఖర్చు, తిరిగిన తిప్పలు గుర్తొచ్చాయి. యూరప్ వాళ్ళకి తలుపులు బార్లా తీసి మనకి గడియ పెట్టారన్న ఉక్రోషం. వాదించింది ఒకటి, వేసింది ఇంకొకటి. బయటికి పోవాలన్న పక్షం 51.9 శాతంతో గెలిచింది.

2020 జనవరి 31న బ్రిటన్ బయటికొచ్చింది. డిసెంబరు 24న వ్యాపార ఒప్పందం కుదిరింది. ఆ సాయంత్రమే అన్నయ్య ఫోను: "చూశావా, సుంకం సున్నా!"

2021 జనవరిలో మళ్ళీ ఫోను. ఈసారి గొంతులో ఆ హుషారు లేదు. సరుకు రేవులో ఆగిపోయింది. సున్నా సుంకం బ్రిటన్‌లో తయారైన సరుకుకే అన్నది అప్పుడు తెలిసింది. గుంటూరు ఊరగాయ ఇక్కడి గోదాంలో ఎన్నాళ్ళున్నా బ్రిటిష్ ఊరగాయ అయిపోదు కదా! ఐర్లండులోకి వెళ్ళాలంటే మళ్ళీ సుంకం కట్టాలి. నెయ్యి పాలతో చేసింది కాబట్టి ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఇదివరకు ఒక ఇన్‌వాయిస్ రాసి హోలీహెడ్‌లో ఫెర్రీ ఎక్కిస్తే సరిపోయేది. నేను రెండు రాత్రులు ఆయన పక్కన కూర్చుని ఒక్కో వస్తువుకీ కోడ్ వెతికి ఫారాలు నింపాను. పెద్ద కంపెనీకి ఆ పనికి ఒక డిపార్టుమెంటే ఉంటుంది. అన్నయ్యకి వదినగారు ఉన్నారు, అంతే.

ఆ వేసవికల్లా ఆయన డబ్లిన్ వ్యాపారం మానేశారు. ఇద్దరు కుర్రాళ్ళ ఉద్యోగాలు పోయాయి.

దేశప్రయోజనం అన్న మాట విన్నప్పుడల్లా నాకిప్పుడు ఒకటే అనుమానం: ఎవరి ప్రయోజనం? బ్రిటన్ ఆర్థికవ్యవస్థలో చేపలవేట వాటా 0.1 శాతం దరిదాపుల్లో ఉంటుంది. చర్చల చివరి రోజులు చాలావరకు దానిమీదే గడిచాయి. సుమారు 80 శాతం ఉన్న సేవారంగానికి, అంటే మా ఐటీ కూడా ఉన్న రంగానికి, దక్కింది స్వల్పం.

అన్నయ్య కోరిన ఇండియా ఒప్పందం కూడా వచ్చింది. 2025 జులై 24న సంతకాలయ్యాయి. దాని ప్రకారం స్కాచ్ విస్కీ మీద 150 శాతం సుంకం ముందు 75కి, పదేళ్ళలో 40కి దిగుతుంది. మన ఆంధ్రా రొయ్యలకి ఇక్కడ సుంకం పోతుంది. మంచిదే. కాని లెక్క చూడండి. దీర్ఘకాలంలో దీనివల్ల ఏడాదికి 480 కోట్ల పౌండ్లు కలిసొస్తాయని బ్రిటిష్ ప్రభుత్వమే అంచనా వేసింది. అది జీడీపీలో 0.1 శాతం చిల్లర. యూనియన్ వదిలినందువల్ల దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని ఇక్కడి బడ్జెట్ బాధ్యతా కార్యాలయం అంచనా. ఒక చేత్తో పావలా తీసుకుని ఇంకో చేత్తో పది రూపాయలు ఇచ్చినట్టుంది.

నా ఉక్రోషం ఊరికే పోలేదనీ ఒప్పుకోవాలి. 2021లో వీసా నిబంధనలు మారాక మన పిల్లలు ఎంతోమంది ఇక్కడికి రాగలిగారు. వాళ్ళకి మేలైంది, అన్నయ్యకి నష్టమైంది. ఓటు మాత్రం ఒకటే.

ఆ పోలండ్ అమ్మాయి 2018లో తిరిగి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు కేకు కోసి అందరికీ పంచింది. నేను ఎటు ఓటేశానో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇవాళ మీకు చెప్పాను.

మీరున్న దేశంలోనూ ఇలాంటి ఓటు ఎప్పుడైనా రావచ్చు. అప్పుడు పక్కింటివాళ్ళతో కూడా ఒకసారి మాట్లాడి వెళ్ళండి. ఉంటాను, సెలవు.