పేరు పోతుందని దాచకండి

(తాడేపల్లిగూడెంలో జరిగిన స్వచ్ఛంద కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"కార్యకర్తలు నిలబడటం లేదు, ఏం చేద్దాం?" అని పొద్దుటినుంచి చర్చిస్తున్నాం. గౌరవ వేతనం చాలదని కొందరు, ఇళ్ళలో ఒప్పుకోరని కొందరు అన్నారు. రెండూ నిజమే. నేను మూడో కారణం చెబుతాను. అది సంస్థకున్న పేరు.

2011లో గృహహింస చట్టం గురించి చెప్పడానికి మా కార్యకర్తతో కలిసి కొల్లేటి లంక గ్రామం ఒకదానికి వెళ్ళాను. అది ఆమె పుట్టి పెరిగిన ఊరే. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, "మీరూ ఆ కిస్తీలోళ్ళేనా?" అంది. అడగడంలో తప్పు లేదు. అంతకు ముందు సూక్ష్మ రుణ సంస్థల వాళ్ళు వారం వారం వచ్చి, కట్టలేని ఆడవాళ్ళను తోటి సభ్యుల చేతనే నిలదీయించారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకు అడ్డుకట్ట వేయవలసి వచ్చింది. ఆ సంస్థల్లో కొన్ని స్వచ్ఛంద సంస్థలుగా పుట్టి కంపెనీలుగా మారినవే. సంఘం, మీటింగు, మహిళాభివృద్ధి అని మనం వాడే మాటలే వాళ్ళూ వాడారు. వాళ్ళ మీద పోయిన నమ్మకం మన మీదా పోయింది.

తిరుగు బస్సులో ఆ అమ్మాయి, "డబ్బివ్వకపోయినా ఫర్వాలేదక్కా, మా ఊళ్ళో తలెత్తుకు తిరగాలి కదా" అంది. సంస్థ కోసం ఆమె తన పరువునే పూచీ పెడుతోందని అప్పుడు తెలిసింది.

ఉపాధి హామీ పనులకు మన రాష్ట్రంలో 2006 నుంచి సామాజిక తనిఖీ ఉంది. లెక్కలు ఊరి ముందు చదవాలని ప్రభుత్వాన్ని అడుగుతాం, మరి మనవో? ఆ నెలే ఆ ఊళ్ళో మా జమాఖర్చులు చదివాం. "జీపు ఖర్చు అంతెందుకైంది?" అని అడిగితే నీళ్ళు నమిలాం. తర్వాత తగ్గించుకున్నాం. ఆ అమ్మాయి మాతోనే ఉండిపోయింది.

కొన్నేళ్ళ తర్వాత ఏలూరు ఆఫీసులో మేమే తప్పు చేశాం. తోటి ఉద్యోగి అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడని ఒక కార్యకర్త చెబితే, "బయటికి పొక్కితే సంస్థ పేరు పోతుంది" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆమె మానేసింది. ఆమె వెనకే ఇంకో ముగ్గురు మానేశారు. బయట పేరు భద్రంగానే ఉంది, లోపల పనిచేసే వాళ్ళు లేరు.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అంతకు తక్కువుంటే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. జీతం తీసుకోని కార్యకర్తకూ ఈ రక్షణ ఉంది. ఆమె మానేసిన తర్వాతే మేం కమిటీ వేశాం. మీరు అంతదాకా ఆగకండి.

ఇక్కడినుంచి వెళ్ళాక మీ కార్యకర్తలను ఒక్క మాట అడగండి: "మన సంస్థ పేరు మీ ఊళ్ళో ధైర్యంగా చెప్పుకోగలుగుతున్నారా?" జవాబు ఏదైనా కోపం తెచ్చుకోకుండా వినండి.