బల్ల మీద మన రైలు దారి
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవ గుర్తుగా బడి సైన్సు గదిలో చిన్న నమూనా రైలు మార్గం కట్టాలనుకున్నాం. మనకున్న జాగా ఐదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పున్న బల్ల. దాని మీద ఏం పెట్టాలన్న దానికన్నా ఏం వదలాలన్నదే పెద్ద ప్రశ్న.

పెద్దపల్లి నుంచి జగిత్యాల, కోరుట్ల మీదుగా నిజామాబాద్ పోయే లైను సుమారు 177 కిలోమీటర్లు. ఈ బల్లకు సరిపడే కొలత 1:160. ఆ లెక్కన ఒక్క కిలోమీటరే ఆరు మీటర్లు దాటుతుంది. కాబట్టి ఒకే స్టేషన్ పెట్టగలం. జగిత్యాలవాళ్లు మాదంటారు, కోరుట్లవాళ్లు మాదంటారు. నేను కొత్తపల్లి అంటాను. కారణం చివర్లో చెప్తాను.

పెట్టె ఒక్కోటి 13 సెంటీమీటర్లు. ఇంజను, మూడు పెట్టెలు కలిస్తే అర మీటరు. ఇరుకు మలుపులో పెట్టెలు ఎబ్బెట్టుగా కనిపిస్తాయి గనుక మలుపులను గుండ్ల గుట్టల వెనక దాచాలి. ముందు భాగమంతా ఖాళీగా వదలాలి. అమెరికా ఎడారి మైదానాలను నమూనాగా కట్టేవాళ్ల కిటుకు ఇదే: నేల ఖాళీగా ఉంటేనే దూరం కనిపిస్తుంది. మనది ఎడారి కాదు గానీ, కోతలయ్యాక ఎండాకాలం చెలకలు అట్లనే ఉంటాయి. ముందు వరుసలో తాటిచెట్లు పది సెంటీమీటర్లు, వెనక వరుసలో ఐదు పెడితే మైదానం ఇంకా లోతుగా కనిపిస్తుంది.

నేలకు మానేరు ఇసుక చాలు. ఒక మిల్లీమీటరు రేణువు ఈ కొలతలో 16 సెంటీమీటర్ల రాయి అవుతుంది. అందుకే పలుచటి సిరిసిల్ల బట్టలో జల్లించాలి. అయస్కాంతం తిప్పి ఇనుప రజను తీసెయ్యాలి. లేకుంటే అది ఇంజను మోటారుకు పట్టుకుంటుంది. తర్వాత నీళ్లు కలిపిన జిగురుతో అతికించాలి.

ఇక కొత్తపల్లి సంగతి. మన లైనుకు పి.వి. నరసింహారావు గారు 1993లో శంకుస్థాపన చేస్తే, నిజామాబాద్ దాకా పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. ఆనాడు బడిలో ఉన్న పిల్లలు ఆ రైలెక్కేనాటికి వాళ్ల పిల్లలు బడికి పోతున్నారు. మనోహరాబాద్ నుంచి సిరిసిల్ల మీదుగా వచ్చే లైనుకు 2016లో శంకుస్థాపన జరిగింది. సిద్దిపేటకు 2023లో రైలు వచ్చింది. ఆ లైను కలిసేది కొత్తపల్లి దగ్గరే. మూడు ఊళ్లవాళ్లకూ చోటున్న స్టేషన్ అదొక్కటే.

పట్టాలు అతికించాక పాయింట్ వెయ్యాలంటే నేలంతా తవ్వాలి. అందుకే సిరిసిల్ల వైపు పాయింట్ ఇప్పుడే వేసి, పట్టాను బల్ల అంచు దాకా తెచ్చి ఆపుదాం. అసలు రైలు వచ్చిననాడు ఇక్కడి పిల్లలే పక్కన ఇంకో బల్ల జోడిస్తారు. సభ్యులు ఈ ఒక్క పాయింట్‌కు ఒప్పుకోవాలని నా మనవి.