రెండు గొట్టాలు, ఒకే గురి

ఏనుగుల వేటకని ఇంగ్లండులో చేసిన పాత రైఫిళ్లలో చాలావాటికి పక్కపక్కనే రెండు గొట్టాలు. రెండు గుండ్లూ ఒకే చోట తగలాలి. అసలు పనితనమంతా అక్కడే!

కుడి గొట్టం పేలితే తుపాకీ కుడికి తన్నుతుంది. ఎడమది పేలితే ఎడమకి. అందుకే గొట్టాల మూతులు కొంచెం దగ్గరగా అతికేవారు. అదీ ఒక్క రకం తూటాకే సరిపోయేలా. మందు తక్కువైతే గుండ్లు ఎడంగా తగులుతాయి. ఎక్కువైతే ఒకదాన్నొకటి దాటి అవతలి పక్క తగులుతాయి.

అప్పటి మందు కార్డైట్. వేడికి దాని ఒత్తిడి పెరిగేది. అందుకే మన దేశపు ఎండలకు మందు తగ్గించిన తూటాలు చేసేవారు.

ఈనాడు ఈ రైఫిళ్లకు తూటాలు స్వయంగా నింపుకునేవాళ్లు ముందు గుండు వేగం కొలుస్తారు. అది పాత తూటా వేగంతో సరిపోతేనే గురి కుదురుతుంది.

మ్యూజియంలో అలాంటి రైఫిల్ కనిపిస్తే గొట్టం మీద చెక్కిన అక్షరాలు చూడండి. దాని తూటా వివరం చాలాసార్లు అక్కడే ఉంటుంది.